మంచు ముగ్గుల రైతు

1. మన మంచు, వాళ్ల మంచు

ధనుర్మాసం వచ్చిందంటే మన పల్లెల్లో మంచు పడుతుంది. తెల్లవారుజామున ఎదుటి మనిషి కనపడడు. గడ్డి తడిసి ఉంటుంది. పొద్దు పైకి వచ్చేసరికి మంచు విడిపోతుంది.

దీన్ని మనం మంచు అంటాం. నిజానికి ఇది సన్నని నీటి తుంపర. గాలిలో తేలుతూ ఉంటుంది.

చలి దేశాల్లో మంచు వేరు. అక్కడ మబ్బులో ఉన్న నీటి ఆవిరి చలికి గడ్డకడుతుంది. తెల్లని రేకులుగా రాలుతుంది. దూది ఏకి చల్లినట్టు ఉంటుంది. వడగళ్లలాగా దెబ్బ తగలదు. చప్పుడు కూడా కాదు.

ఒక్కో మంచు రేకు చాలా చిన్నది. చేతి మీద పడితే చూస్తుండగానే కరిగిపోతుంది. దాన్ని పెద్దది చేసి చూస్తే ఏం కనిపిస్తుంది? ఒక ముగ్గు కనిపిస్తుంది! ఆరు రెక్కల ముగ్గు. సంక్రాంతికి మన వాకిట్లో వేసే ముగ్గులాగే ఉంటుంది.

ఈ ముగ్గులను వేల ఫోటోలు తీసి లోకానికి చూపించినవాడు ఒక రైతు. అతని పేరు విల్సన్ బెంట్లీ. చిన్నప్పుడు అతనికి చదువు చెప్పింది బడి కాదు, అమ్మ.

2. ఉత్తరాన ఒక పల్లె

అమెరికా దేశంలో వెర్మాంట్ అనే రాష్ట్రం ఉంది. అది ఉత్తరం వైపు ఉంటుంది. దాన్ని దాటితే కెనడా దేశం. వెర్మాంట్‌లో కొండలు, అడవులు ఎక్కువ. పాడి కూడా ఎక్కువ.

అక్కడ జెరికో అనే ఊరు ఉంది. ఆ ఊరి రైతు కుటుంబంలో 1865 ఫిబ్రవరి 9న విల్సన్ పుట్టాడు. తండ్రి పేరు థామస్. తల్లి పేరు ఫానీ. అన్న పేరు ఛార్లెస్. వాళ్లకు పొలం ఉంది, పాడి ఉంది. పాలే వాళ్ల బతుకుతెరువు.

3. ఏడాది పొడుగునా పని

మనకు ఎండాకాలం, వానాకాలం, చలికాలం ఉన్నాయి. వెర్మాంట్ వాళ్లకు నాలుగు కాలాలు. ఒక్కో కాలానికి ఒక్కో పని. ఇంటిల్లిపాదీ చేయాల్సిందే.

మార్చి నెలలో మంచు కరగడం మొదలవుతుంది. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ. అప్పుడు మేపుల్ అనే చెట్లలో తియ్యని రసం పారుతుంది. రైతులు చెట్టుకు చిన్న బెజ్జం పెట్టేవాళ్లు. కింద బకెట్టు తగిలించేవాళ్లు. మన దగ్గర తాడిచెట్టుకు ముంత కట్టినట్టే. ఆ రసాన్ని పెద్ద పెనంలో పోసి కాస్తారు. మనవాళ్లు చెరకు రసం కాచి బెల్లం వండినట్టే. 40 బిందెల రసం కాస్తే సుమారు 1 బిందె పాకం వస్తుంది. పొయ్యి దగ్గర ఎంత కట్టె కాలుతుందో, ఎంత నిద్ర పోతుందో మనకు చెప్పక్కర్లేదు.

వేసవిలో గడ్డి పని. గడ్డి కోయాలి. ఎండబెట్టాలి. కొట్టంలో నింపాలి. వాన వస్తే పాడైపోతుంది. గడ్డి నింపకపోతే చలికాలంలో పశువులకు మేత ఉండదు.

ఆ తర్వాత ఆకు రాలే కాలం. చెట్లన్నీ ఎర్రగా, పసుపుపచ్చగా మారతాయి. కొండలు కుంకుమ, పసుపు చల్లినట్టు ఉంటాయి. అప్పుడే కట్టెలు కొట్టి పెట్టుకోవాలి. చలికాలానికి కావలసినవన్నీ దాచుకోవాలి.

తర్వాత చలికాలం. అది చాలా పొడుగు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గూకుతుంది. జెరికో వైపు ఒక చలికాలంలో పడే మంచు మొత్తం కొలిస్తే సుమారు 10 అడుగులు. వాకిలి, దారి, పొలం అన్నీ తెల్లగా ఒక్కటైపోతాయి. అయినా ఆవులకు మేత వేయాలి. పాలు పితకాలి. పాడి ఉన్న ఇంటికి సెలవు లేదు కదా.

అందరికీ ఆ మంచు అంటే కష్టం. దారి మూసుకుపోయిందే అని బాధ. విల్సన్‌కు మాత్రం మంచు పడితే సంతోషం.

4. అమ్మే పంతులమ్మ

ఫానీ పెళ్లికి ముందు బడిలో పాఠాలు చెప్పేది. పెళ్లయ్యాక రైతు ఇంటి ఇల్లాలు అయింది. అయినా పుస్తకాలను వదల్లేదు. ఇంట్లో పుస్తకాలు ఉంచింది.

విల్సన్ 14 ఏళ్లు వచ్చేదాకా బడికి పోలేదు. తల్లే ఇంట్లో చదువు చెప్పింది. చదవడం, రాయడం, లెక్కలు అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ చదివేశాడు.

ఫానీ దగ్గర ఇంకొక వస్తువు ఉంది. అది మైక్రోస్కోపు. కంటికి ఆనని చిన్న వస్తువును పెద్దదిగా చూపించే పరికరం. బడిలో పిల్లలకు చూపించడానికి ఆమె దాన్ని వాడేది. విల్సన్‌కు 15 ఏళ్ల వయసులో దాన్ని అతని చేతికిచ్చింది.

విల్సన్ దానితో అన్నీ చూశాడు. నీటి బొట్టు చూశాడు. పక్షి ఈక చూశాడు. పూరేకు చూశాడు. ఒక రోజు మంచు రేకును పెట్టి చూశాడు. అంతే! ఇక కన్ను తిప్పలేకపోయాడు.

5. కరిగిపోయే బొమ్మ

అంత అందం తాను ఒక్కడే చూస్తే ఎలా? అందరికీ చూపించాలి అనుకున్నాడు. కాగితం, పెన్సిలు పట్టుకుని బొమ్మ గీయడం మొదలుపెట్టాడు.

కానీ మంచు ఆగుతుందా? సగం గీసేలోపే రేకు కరిగిపోయేది. ఒకసారి కరిగితే ఆ ముగ్గు ఇక మళ్లీ రాదు. ఇంకో రేకు తెచ్చినా అది వేరే ముగ్గు. ఇలా చలికాలం తర్వాత చలికాలం గీస్తూనే ఉన్నాడు. వందల బొమ్మలు గీశాడు. ఏదీ తృప్తిగా రాలేదు.

అప్పుడే అతనికి కెమెరా సంగతి తెలిసింది. కెమెరాకు మైక్రోస్కోపు బిగిస్తే చిన్న వస్తువును పెద్దదిగా ఫోటో తీయవచ్చు. రేకు కరిగిపోయినా ఫోటో మిగులుతుంది.

6. వంద డాలర్లు

ఆ కెమెరా, మైక్రోస్కోపు కలిపి ధర 100 డాలర్లు. డాలరు అంటే అమెరికా డబ్బు. ఆ రోజుల్లో పాడి రైతుకు 100 డాలర్లు చాలా పెద్ద సొమ్ము.

తండ్రికి ఇష్టం లేదు. మంచు కోసం అంత డబ్బా? ఆయన చెడ్డవాడు కాదు. డబ్బు ఎంత చాకిరీ చేస్తే వస్తుందో తెలిసిన రైతు. ఇది కుర్రవాడి పిచ్చి కోరిక అనుకున్నాడు.

తల్లి ఊరుకోలేదు. భర్తకు నచ్చచెప్పింది. చివరకు ఆయన ఒప్పుకున్నాడు. విల్సన్‌కు 17 ఏళ్ల వయసులో ఆ పరికరాలు ఇంటికి వచ్చాయి.

కానీ తండ్రి మనసు మారలేదు. ఆ డబ్బు వృథా అయిందనే ఆయన చివరిదాకా అనుకున్నాడు.

7. ఫోటో కుదిరిన రోజు

కెమెరా వచ్చింది. కానీ వాడటం నేర్పేవాళ్లు లేరు. తీసిన ఫోటోలన్నీ చెడిపోయాయి. కొన్ని మసకగా వచ్చాయి. కొన్నిటిలో ఏమీ కనపడలేదు. రెండేళ్లు దాటినా ఫోటో కుదరలేదు. విల్సన్ మానలేదు. వెలుతురు ఎంత ఉండాలో, కెమెరా ఎంతసేపు తెరవాలో మార్చి మార్చి చూశాడు.

1885 జనవరి 15న మంచు పడుతోంది. ఆ రోజు తీసిన ఫోటో కుదిరింది! మంచు రేకు ముగ్గు చక్కగా పడింది. అప్పటికి అతనికి ఇంకా 20 ఏళ్లు నిండలేదు. ఆ ఫోటో చూసి ఆ పరికరం ముందు మోకరిల్లాలనిపించిందని ఆయన తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు.

ఆయన పని చేసే పద్ధతి ఇది.

ఇంటి పక్కన ఒక కొట్టం ఉండేది. అందులో కుంపటి ఉండదు. వెచ్చగా ఉంటే మంచు కరిగిపోతుంది కదా. అందుకని వణికే చలిలోనే పని.

ముందు నల్లరంగు చెక్క పలకను బయట పట్టుకునేవాడు. దాని మీద మంచు రేకులు పడేవి. నలుపు మీద తెలుపు బాగా కనిపిస్తుంది. మన పలక మీద బలపం రాతలాగా.

బాగున్న రేకును ఏరుకునేవాడు. చీపురు పుల్ల లాంటి సన్నని పుల్లతో దాన్ని ఎత్తేవాడు. గాజు ముక్క మీద పెట్టేవాడు. పక్షి ఈకతో మెల్లగా అదిమేవాడు. ఊపిరి బిగపట్టి చేసేవాడు. ఊపిరి వేడి తగిలినా రేకు కరిగిపోతుంది మరి.

తర్వాత ఆ గాజు ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి ఫోటో తీసేవాడు. ఆ రోజుల్లో ఫోటో గాజు పలక మీద పడేది. ఆ పలక మీద ముగ్గు చుట్టూ ఉన్న పొరను చాకుతో గీకి తీసేసేవాడు. అప్పుడు నల్లని నేల మీద తెల్లని ముగ్గు వేసినట్టు ఫోటో వచ్చేది.

ఇదంతా పొలం పని, పాల పని చూసుకుంటూనే. ఫోటోల కోసం వ్యవసాయం మానలేదు. వ్యవసాయం కోసం ఫోటోలూ మానలేదు.

8. ఆరు రెక్కలు ఎందుకు?

మంచు ముగ్గుకు ఆరు రెక్కలే ఉంటాయి. ఎందుకు?

నీటిలో కంటికి కనపడనంత చిన్న కణాలు ఉంటాయి. నీరు గడ్డకట్టేటప్పుడు అవి ఒక వరుసలో చేరతాయి. తేనెపట్టు గదులు చూశారు కదా. ఒక్కో గదికి ఆరు మూలలు. నీటి కణాలు కూడా అలా ఆరు మూలలుగా కూర్చుంటాయి. అందుకే ముగ్గుకు ఆరు వైపులు.

మరి ఒక్కో ముగ్గు ఒక్కో రకంగా ఎందుకు ఉంటుంది? మంచు రేకు మబ్బులో పుట్టి కిందికి దిగుతుంది. దారిలో ఒక చోట చలి ఎక్కువ, ఒక చోట తక్కువ. ఒక చోట తేమ ఎక్కువ, ఒక చోట తక్కువ. దాన్ని బట్టి రెక్కలు పెరుగుతాయి. ఏ రెండు రేకులూ సరిగ్గా ఒకే దారిలో రావు. అందుకే ముగ్గులు వేరు వేరుగా ఉంటాయి. విల్సన్ 5,000కు పైగా ఫోటోలు తీశాడు. అందులో ఒకదానిలా ఇంకొకటి లేదు.

9. ఊరు ఏమంది?

ఊళ్లోవాళ్లు నవ్వుకున్నారు. వెర్రివాడు అనుకున్నారు. మంచు మన వాకిట్లో గుట్టలుగా పడి ఉంది. దాన్ని ఫోటో తీయడం ఏమిటి? పారతో ఎత్తిపోస్తే చాలు అనుకున్నారు.

ఒకసారి విల్సన్ ఊరివాళ్లకు ఆ బొమ్మలు చూపించాలనుకున్నాడు. తెర మీద వెలుతురు వేసి చూపించే ఏర్పాటు చేశాడు. డబ్బు తీసుకోలేదు. వాతావరణం కూడా బాగానే ఉంది. ఎంతమంది వచ్చారో తెలుసా? ఆరుగురు!

కానీ దూరం వాళ్లు ఆయన పని విలువ తెలుసుకున్నారు. 1898లో ఆయన ఫోటోల గురించి ఒక విజ్ఞాన పత్రికలో వ్యాసం వచ్చింది. కాలేజీలు, బడులు ఆయన బొమ్మలు తెప్పించుకున్నాయి. ఒక్కో బొమ్మను 5 సెంట్లకే అమ్మాడు. 100 సెంట్లు కలిస్తే 1 డాలరు.

విల్సన్ మంచు ఒక్కటే చూడలేదు. వేసవిలో వాన చూశాడు. పచ్చిక మీద తెల్లవారి మంచు బొట్లు చూశాడు. వాన చినుకు ఎంత పెద్దదో కొలవాలనుకున్నాడు. చినుకును కొలవడం ఎలా? పళ్లెంలో మెత్తని పిండి పోశాడు. వానలో కొద్ది క్షణాలు పట్టాడు. చినుకు పడ్డ చోట పిండి ఉండ కట్టింది. ఉండలు ఆరాక వాటిని కొలిచాడు. ఈ పద్ధతి గురించి 1904లో రాసి అచ్చు వేయించాడు. వంటింటి పిండితో వానను కొలిచాడన్న మాట.

10. లాభమా, నష్టమా?

1925లో విల్సన్ తన లెక్క తానే చెప్పాడు. ఈ పనికి పెట్టిన సమయం, సామాను కలిపి 15,000 డాలర్లు అయింది. వచ్చింది 4,000 డాలర్లు కూడా లేదు. డబ్బు లెక్క చూస్తే తాను ఓడిపోయినట్టే అన్నాడు.

అంటే తండ్రి భయం నిజమే అయింది. పెట్టిన డబ్బు తిరిగి రాలేదు.

అయితే తల్లి చేసింది తప్పా? ఇంకొంచెం చదివి చెప్పండి.

1931 చివరలో విల్సన్ ఫోటోలతో ఒక పుస్తకం వచ్చింది. అందులో 2,400కు పైగా ఫోటోలు ఉన్నాయి. అప్పటికి ఆయన వయసు 66 ఏళ్లు. ఆ డిసెంబరులో మంచు తుపానులో నడిచి ఇంటికి వచ్చాడు. నెమ్ము చేసింది. డిసెంబరు 23న తాను పుట్టి పెరిగిన ఆ ఊళ్లోనే కన్నుమూశాడు.

ఆ పుస్తకం దేశాలు దాటింది. జపాన్‌లో ఉకిచిరో నకాయా అనే శాస్త్రవేత్త దాన్ని చూశాడు. మంచు రేకు అలా ఎందుకు తయారవుతుందో తెలుసుకోవాలనుకున్నాడు. 1936లో ఆయన చల్లని గదిలో మంచు రేకును స్వయంగా పెంచాడు. దేని మీద పెంచాడో తెలుసా? కుందేలు వెంట్రుక మీద! ఎంత చలికి, ఎంత తేమకు ఏ ముగ్గు వస్తుందో ఆయన తేల్చాడు. మంచు రేకును చూస్తే పైన మబ్బులో వాతావరణం ఎలా ఉందో చెప్పగలిగాడు.

జెరికో ఊరు కూడా మారింది. నవ్విన ఊరే ఇప్పుడు విల్సన్ పేరు చెప్పుకుంటోంది. అక్కడ ఆయన ఫోటోలు, సామాను ప్రదర్శనగా పెట్టారు. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చూస్తున్నారు.

వంద డాలర్లు పోయాయి. కానీ కరిగిపోయే మంచు కరగకుండా మిగిలింది. ఒక తల్లి తన చదువును ఇంట్లో దాచిపెట్టుకోలేదు. బిడ్డకు పంచింది. ఆమె చెప్పిన అక్షరాలు, ఆమె ఇచ్చిన పరికరం లేకపోతే ఈ పని మొదలయ్యేదే కాదు.

ఇప్పుడు చాలా ఇళ్లలో సెల్‌ఫోను ఉంది. అందులో కెమెరా ఉంది. విల్సన్‌కు రెండేళ్లు పట్టిన పని మనకు ఒక్క నొక్కుతో అవుతుంది. కానీ చూసే కన్ను కావాలి. సాలెగూడు మీద మంచు బొట్లు, కంది పువ్వు మీద తేనెటీగ, వాన ముందు చీమల బారు. ఇవన్నీ మన వాకిట్లోనే ఉన్నాయి. పిల్లలు వీటి గురించి అడిగితే విసుక్కోకండి. పక్కన కూర్చుని మీరు కూడా చూడండి.

కొత్త మాటలు

మైక్రోస్కోపు: చాలా చిన్న వస్తువును పెద్దదిగా చూపే పరికరం.
మంచు రేకు: మబ్బులో ఆవిరి గడ్డకట్టి రాలే చిన్న ముక్క.
తేమ: గాలిలో ఉండే నీటి ఆవిరి.
శాస్త్రవేత్త: ప్రకృతి సంగతులను పరీక్ష చేసి తెలుసుకునే మనిషి.
నెమ్ము: ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు. న్యుమోనియా అని కూడా అంటారు.

చదివి జవాబు రాయండి

1. విల్సన్‌కు ఇంట్లో చదువు చెప్పింది ఎవరు?
2. ఫోటో తీసే కొట్టంలో కుంపటి ఎందుకు పెట్టలేదు?
3. మంచు ముగ్గుకు ఎన్ని వైపులు?
4. విల్సన్ పనికి అయిన ఖర్చు 15,000 డాలర్లు. వచ్చింది 4,000 డాలర్లు అనుకోండి. నష్టం ఎంత?
5. మొదటి ఫోటో 1885లో కుదిరింది. పుస్తకం 1931లో వచ్చింది. మధ్యలో ఎన్ని ఏళ్లు?

మాట్లాడుకుందాం

1. తండ్రి మాటలో న్యాయం ఉందా? తల్లి మాటలో న్యాయం ఉందా? మీరు ఆ ఇంట్లో ఉంటే ఏం చెప్పేవాళ్లు?
2. మీ ఇంట్లో పిల్లల కోసం ఖర్చు పెట్టేటప్పుడు ఎవరి మాట చెల్లుతుంది? ఆడపిల్ల అడిగితే ఒక మాట, మగపిల్లవాడు అడిగితే ఒక మాట ఉందా?
3. మీకు వచ్చిన చదువును మీ ఇంట్లో ఎవరికి పంచారు?

చేసి చూద్దాం

వాన పడే రోజున ఒక పళ్లెం తీసుకోండి. మెత్తగా జల్లించిన మైదాపిండిని అంగుళం మందాన పోయండి. దాని మీద ఇంకో పళ్లెం మూయండి. వానలోకి వెళ్లి మూత తీయండి. మూడు అంకెలు లెక్కపెట్టి మళ్లీ మూయండి. లోపలికి తెచ్చి పిండిని ఆరనివ్వండి. ఆరాక మెల్లగా జల్లించండి. జల్లెడలో చిన్న చిన్న ఉండలు మిగులుతాయి. సన్న జల్లు రోజున ఒకసారి, పెద్ద వాన రోజున ఒకసారి చేయండి. ఏ రోజు ఉండలు పెద్దవి? మీ నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.